చెప్పులు కుట్టిన చేత్తో నాలుగు సంతకాలు
(అమెరికా తొలినాటి న్యాయవాది, శాసనకర్త రోజర్ షెర్మన్)



వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటి వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. పోటీ పరీక్షలకు పనికి రావాలి, చదివిన తర్వాత కాస్త ఆలోచన కూడా పుట్టాలి అన్నారు. మేము పి.జి.లో రాజనీతిశాస్త్రం చదువుతున్నాం. అమెరికా రాజ్యాంగం అనగానే వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, హామిల్టన్ పేర్లు అందరికీ నోటికి వస్తాయి. రోజర్ షెర్మన్ పేరు మాత్రం గైడ్లలో ‘కనెక్టికట్ రాజీ’ దగ్గర ఒక్క లైనులో వచ్చి వెళ్ళిపోతుంది. రెండు మార్కుల ప్రశ్నకు ఆ లైను చాలు. కానీ ఆ లైను వెనక ఉన్న మనిషి పెట్టుబడి ఏమిటో తెలిసాక మేము ఆ పేజీ దాటి పోలేకపోయాం. ఆయన చేతిలో మొదట ఉన్న పనిముట్టు కలం కాదు, ఆరె. తోలు కుట్టే ఆరె.

షెర్మన్ 1721 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా దేశం లేదు, అవన్నీ బ్రిటిష్ వలసలు. రెండేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడే కుటుంబం స్టౌటన్ అనే పల్లెకు మారింది. తండ్రి విలియం సేద్యం చేసేవాడు, చెప్పులూ బూట్లూ కుట్టేవాడు. కొడుకు తండ్రి దగ్గరే ఆ పని నేర్చుకున్నాడు. బడి చదువు అంతంత మాత్రం. ఆ ఊరి చర్చికి శామ్యూల్ డన్‌బార్ అనే పాదిరి ఉండేవాడు. హార్వర్డ్‌లో చదివినవాడు. కుర్రవాడికి లెక్కల మీద, పుస్తకాల మీద ఉన్న ఆసక్తి గమనించి ఆయనే చేరదీసి చదువు చెప్పాడంటారు. పని బల్ల మీద ఒక పక్క తోలు, ఒక పక్క తెరిచిన పుస్తకం పెట్టుకునేవాడనీ, కుట్టుకూ కుట్టుకూ మధ్య కళ్ళు పుస్తకం మీదికి పోయేవనీ చెప్పుకుంటారు. ఇది ఎంతవరకు నిజమో గానీ ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే నమ్మబుద్ధి అవుతుంది.

1741లో తండ్రి చనిపోయాడు. రోజర్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. తల్లి, చిన్న పిల్లలు ఇంట్లో. పెద్దన్న అప్పటికే కనెక్టికట్‌లోని న్యూ మిల్‌ఫర్డ్‌కు వెళ్ళి స్థిరపడ్డాడు. 1743లో మిగతా కుటుంబం కూడా అక్కడికే చేరింది. రోజర్ ఆ దారంతా కాలినడకన, పనిముట్ల సంచీ వీపున వేసుకుని పోయాడని ఆ ప్రాంతంలో కథగా చెబుతారు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఈ కథ వినగానే మన పేటల్లో పుట్టినవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది. మాకూ పులకరించింది. మా తాత తోళ్ళు ఊనే లంద దగ్గర జీవితం గడిపాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మాతోనే మొదలు. కాబట్టి ‘ఆయనా మనవాడే’ అనుకోవడం చాలా తేలిక. కానీ పాఠం పాఠంగా చదివితే అది సరికాదు. షెర్మన్ చేసింది చెప్పుల పనే గానీ ఆ పని ఆయన పుట్టుకకు వేసిన ముద్ర కాదు. పని మానేసిన రోజున ఆయన మామూలు తెల్ల రైతుబిడ్డ. ఊరి చర్చిలో అందరితో పాటు కూర్చున్నాడు, ఊరి బావిలో నీళ్ళు తోడుకున్నాడు, భూమి కొన్నాడు, ఓటు వేశాడు. ఆ దేశంలో పుట్టుకతోనే ముద్ర పడినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు బానిసలు. వాళ్ళ విషయంలో ఈ చెప్పులు కుట్టినవాడు ఏం చేశాడన్నది ఈ వ్యాసంలో ముందు ముందు వస్తుంది. అసలు మాకు ఆయన మీద రాయాలనిపించింది అందుకే.

గొలుసు, పంచాంగం, దుకాణం

లెక్కలు వచ్చినందుకు షెర్మన్‌కు దొరికిన మొదటి ఫలం 1745లో. ఆయనను కౌంటీ సర్వేయరుగా నియమించారు. కొత్తగా జనం వచ్చి స్థిరపడుతున్న ప్రాంతం అది. ప్రతి వాడికీ తన భూమికి హద్దు కావాలి. గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషికి రెండు లాభాలు కలిగాయి. ఒకటి, చెప్పుల పనిలో వచ్చేదానికన్నా మంచి ఆదాయం. రెండోది ఇంకా ముఖ్యం: హద్దు తగాదాలు ఎలా పుడతాయో, దస్తావేజులో ఒక మాట తప్పు పడితే ఎంత గొడవ అవుతుందో కళ్ళారా చూడడం. చట్టం ఆయనకు పుస్తకంలో కన్నా ముందు గట్టు మీద ఎదురైంది. మన ఊళ్ళలో పాస్ పుస్తకం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన వాళ్ళ పిల్లలకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

1750 నుంచి 1761 వరకు ఆయన పంచాంగాలు కూడా అచ్చు వేయించాడు. సూర్యోదయ సూర్యాస్తమయాలు, గ్రహణాలు, కోర్టులు కూర్చునే రోజులు, మధ్య మధ్య నీతివాక్యాలు ఇలాంటివి ఉండేవి అప్పటి పంచాంగాల్లో. ఖగోళ లెక్కలన్నీ సొంతంగా కట్టుకునేవాడు. అన్నతో కలిసి ఒక దుకాణం కూడా నడిపాడు.

ఆ దుకాణమే ఆయనను మొదటి రచనకు పురికొల్పింది. 1752లో కలంపేరుతో ఒక చిన్న పుస్తకం వేశాడు. విషయం: కాగితపు డబ్బు. అప్పట్లో ఒక్కో వలస తన సొంత కాగితపు హుండీలను డబ్బుగా వాడకంలోకి తెచ్చేది. పక్కనున్న రోడ్ ఐలండ్ వాళ్ళు వాటిని విపరీతంగా అచ్చువేశారు. ఎక్కువ అచ్చు వేసేకొద్దీ విలువ పడిపోయేది. ఇందులో అన్యాయం ఎక్కడుందో తమ్ముళ్ళకు అర్థం కావడానికి మనమే ఒక లెక్క వేసుకుందాం. ఒకడు దుకాణంలో ఈ రోజు వంద రూపాయల సరుకు అరువుగా తీసుకున్నాడు. ఏడాది తర్వాత అదే వంద కాగితం తెచ్చి ఇచ్చాడు. కానీ ఈలోగా ఆ కాగితానికి అరవై రూపాయల సరుకే వస్తోంది. బాకీ తీరినట్టు రాసుకోవాలి, నలభై రూపాయలు మాత్రం గాలిలో కలిసిపోయాయి. దొంగ ఎవడూ కనిపించడు. ఇది దుకాణదారుడి బాధే అనుకోకండి, స్థిరమైన మొత్తం మీద బతికే ప్రతివాడిదీ. మెస్ చార్జీలు పెరగకుండా పప్పు ధర పెరిగితే సాంబారు ఎలా పలచబడుతుందో హాస్టల్లో ఉన్నవాళ్ళకు తెలిసినంతగా ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్లకు తెలియదు. విలువ నిలవని దాన్ని డబ్బు అనకూడదన్నది షెర్మన్ వాదన. ఈ పట్టు ఆయన జీవితాంతం వదల్లేదు. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత 1787 ఆగస్టు 28న రాజ్యాంగ సభలో, రాష్ట్రాలు కాగితపు డబ్బు అచ్చువేయరాదు, బంగారం వెండి నాణేలు తప్ప మరి దేన్నీ బాకీకి చెల్లుబాటు చేయరాదు అన్న నిషేధాన్ని ప్రతిపాదించినవాళ్ళు జేమ్స్ విల్సన్, షెర్మన్. అది ఇప్పటికీ అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో ఉంది.

నల్లకోటు

అప్పట్లో అమెరికా వలసల్లో లా కాలేజీలు లేవు. పేరున్న వకీలు దగ్గర గుమాస్తాగా చేరి, దస్తావేజులకు నకళ్ళు రాస్తూ నేర్చుకోవడమే పద్ధతి. షెర్మన్‌కు అలాంటి గురువు కూడా లేడు. పొరుగువాడి తరఫున ఏదో పని మీద పట్నం వకీలు దగ్గరికి వెళితే, ఆయన రాసుకొచ్చిన కాగితం చూసి ఆ వకీలే ‘నువ్వు ఈ వృత్తిలోకి రావాల్సినవాడివి’ అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎవరి మాట విన్నా వినకపోయినా, సొంతంగా చదువుకుని 1754లో లిచ్‌ఫీల్డ్‌లో న్యాయవాదిగా ప్రవేశం పొందాడు. అప్పటికి ముప్ఫై మూడో ఏడు. మరుసటి ఏడాదే న్యూ మిల్‌ఫర్డ్ నుంచి కనెక్టికట్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అదే ఏడాది జస్టిస్ ఆఫ్ ది పీస్ కూడా అయ్యాడు.

తర్వాతి మెట్లు గబగబా చెప్పేద్దాం. 1760లో మొదటి భార్య ఎలిజబెత్ చనిపోయింది. ఆమెకు ఏడుగురు పిల్లలు. 1761లో న్యూ హేవెన్‌కు మకాం మార్చి యేల్ కాలేజీ పక్కనే దుకాణం పెట్టాడు. 1763లో రెబెక్కా ప్రెస్కాట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు ఎనిమిది మంది. 1765 నుంచి 1776 వరకు యేల్ కాలేజీకి కోశాధికారి. కాలేజీ గడప విద్యార్థిగా తొక్కని మనిషి కాలేజీ డబ్బుకు కాపలా ఉన్నాడన్నమాట. 1768లో ఆ కాలేజీయే ఆయనకు గౌరవ ఎం.ఎ. పట్టా ఇచ్చింది. 1766లో కనెక్టికట్ ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి అయి 1789 వరకు ఉన్నాడు. అదే 1766లో ఎగువ సభకూ ఎన్నికై 1785 వరకు అందులోనూ ఉన్నాడు. 1784 నుంచి చనిపోయేదాకా న్యూ హేవెన్ మేయరు. చట్టం చేసేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే! అధికారాల విభజన అని మనం పరీక్షల్లో పేజీలకు పేజీలు రాస్తాం గానీ ఆ సూత్రాన్ని రాజ్యాంగంలో పెట్టినవాళ్ళలో ఒకరు సొంత జీవితంలో చాలా ఏళ్ళు దాన్ని పాటించలేదు. ఆనాటి చిన్న రాష్ట్రాల్లో అది మామూలే అనుకోండి.

మనిషి ఎలా ఉండేవాడు? ఈ సంగతి తమ్ముళ్ళు శ్రద్ధగా చదవాలి. ఎత్తుగా, బిగుసుకుపోయినట్టు ఉండేవాడు. 1775లో జాన్ ఆడమ్స్ తన డైరీలో ఆయన ఉపన్యాసం గురించి రాస్తూ, చేతులు కదిపే తీరులో సొగసన్నది లేదనీ, గంజి పెట్టిన బట్టలా ఉంటాడనీ వేళాకోళం చేశాడు. 1787 సభలో జార్జియా ప్రతినిధి విలియం పియర్స్ తోటి సభ్యులందరి మీదా చిన్న చిన్న వర్ణనలు రాసుకున్నాడు. షెర్మన్ గురించి రాస్తూ ఆకారం వింత, యాస వింత అన్నాడు, కానీ ఆ బుర్రనూ ఆ హృదయాన్నీ మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. అదే ఆడమ్స్ తర్వాతి కాలంలో షెర్మన్ నిజాయితీని ఆకాశానికెత్తాడు. యేల్‌లో ఉన్న రాల్ఫ్ ఎర్ల్ గీసిన చిత్రం చూడండి, ముఖం వంచకుండా కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోటోకు మొదటిసారి కూర్చున్న మన తాతల్లాగే కనిపిస్తాడు. ఈ యాసతోనే, ఈ బిగుసుకుపోయిన చేతులతోనే ఆయన 1787 సభలో 138 సార్లు మాట్లాడాడని లెక్క వేశారు. అంతకన్నా ఎక్కువసార్లు లేచినవాళ్ళు ఇద్దరు ముగ్గురే. క్లాసులో మన యాసకు ఎవరైనా నవ్వితే లోపలికి ముడుచుకుపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ఈ అంకె ఇక్కడ ఇచ్చాం.

నాలుగు కాగితాలు

పోటీ పరీక్షలకు వెళ్ళేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. అమెరికా పుట్టుకకు సంబంధించిన నాలుగు ముఖ్య పత్రాల మీద సంతకం ఉన్న ఏకైక వ్యక్తి రోజర్ షెర్మన్. బ్రిటిష్ సరుకుల బహిష్కారానికి చేసుకున్న 1774 నాటి కాంటినెంటల్ అసోసియేషన్ ఒడంబడిక, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1781లో అమలులోకి వచ్చిన సమాఖ్య నియమావళి, 1787 రాజ్యాంగం. స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాకు వేసిన అయిదుగురి సంఘంలో జెఫర్సన్, ఆడమ్స్, ఫ్రాంక్లిన్, లివింగ్‌స్టన్‌లతో పాటు ఆయన కూడా సభ్యుడు. రాసినది ప్రధానంగా జెఫర్సన్. షెర్మన్ అందులో ఒక్క వాక్యమైనా రాశాడని ఎవరూ అనరు. ఆయన పని సంఘాల్లో కూర్చుని లెక్కలు చూడడం, సైన్యానికి సరఫరాలు, అప్పులు, ఇలాంటివి. పేరు తెచ్చే పనులు కావు.

ఇక 1787. సమాఖ్య నియమావళి పనిచేయడం లేదు. కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలు మాట వినవు. ఫిలడెల్ఫియాలో సభ కూడింది. మొత్తం మీద 55 మంది వచ్చారు, చివరికి సంతకం పెట్టింది 39 మంది. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపనే లేదు. 81 ఏళ్ళ ఫ్రాంక్లిన్ తర్వాత వయసులో పెద్దవాడు 66 ఏళ్ళ షెర్మనే.

మే 29న వర్జీనియా వాళ్ళు తమ పథకం పెట్టారు. రెండు సభలు, రెండింటిలోనూ జనాభాను బట్టో కట్టే సొమ్మును బట్టో సీట్లు. చిన్న రాష్ట్రాలకు గుండె గుభేలుమంది. ఎందుకంటే 1790 జనాభా లెక్కల్లో డెలావేర్ జనం 59 వేలు, వర్జీనియా జనం ఏడు లక్షలు దాటారు. అలా అయితే డెలావేర్ గొంతు సభలో వినపడదు. జూన్ 15న న్యూజెర్సీ వాళ్ళు దీనికి విరుగుడు పెట్టారు: ఒకటే సభ, రాష్ట్రానికి ఒక ఓటు. అప్పుడు ఏడు లక్షల మందికీ 59 వేల మందికీ ఒకటే ఓటు. అదీ న్యాయం కాదు.

షెర్మన్ మధ్యేమార్గాన్ని న్యూజెర్సీ పథకం రాకముందే, జూన్ 11న చెప్పాడు. మొదటి సభలో స్వేచ్ఛా నివాసుల సంఖ్యను బట్టి, రెండో సభలో రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున. ఆ రోజు రెండో సభ సంగతి ఓటుకు పెడితే 5 రాష్ట్రాలు అనుకూలం, 6 వ్యతిరేకం. ఓడిపోయింది. ఓడినవాడు ఇంటికి పోలేదు. ఎండాకాలం, కిటికీలు మూసిన గది, వాదనలు ముదిరాయి. జూలై 2న మళ్ళీ ఓటు వేస్తే 5–5, జార్జియా ప్రతినిధులు రెండుగా చీలిపోయారు. సభ కదలని బండిలా ఆగిపోయింది. రాష్ట్రానికి ఒకరు చొప్పున సంఘం వేశారు. కనెక్టికట్ నుంచి వెళ్ళాల్సిన ఆలివర్ ఎల్స్‌వర్త్‌కు ఒంట్లో బాగోలేక ఆ స్థానంలో షెర్మన్ కూర్చున్నాడు. సంఘం ఆ మధ్యేమార్గాన్నే సిఫారసు చేసింది. జూలై 16న 5–4 ఓట్లతో నెగ్గింది. మసాచుసెట్స్ ఓటు చీలిపోయి లెక్కలోకి రాలేదు. ఒక్క రాష్ట్రం ఇటునుంచి అటు మారి ఉంటే ఆ దేశం చరిత్ర ఎటు పోయేదో!

ఈ రాజీ ఫలితం ఇప్పటికీ నడుస్తోంది. సుమారు 4 కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకూ, 6 లక్షలకు మించని వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరి ఇద్దరే. 50 రాష్ట్రాలు, 100 మంది. సెప్టెంబరు 15న, సంతకాలకు రెండు రోజుల ముందు కూడా షెర్మన్ లేచి ఈ సమాన ఓటును సవరణ ద్వారా కూడా తీసేయకుండా రక్షణ కావాలని పట్టుబట్టాడు. ఆయన ప్రతిపాదన ఓడింది. కానీ చిన్న రాష్ట్రాల సణుగుడు విని గవర్నర్ మోరిస్ (ఇది పదవి కాదు, ఆయన పేరే అంత) అదే అంశాన్ని పెడితే సభ ఒప్పుకుంది. మన రాజ్యాంగ నిర్మాతలు ఈ దారి తొక్కలేదు. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు, సిక్కింకు ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 18 సీట్లు 2014లో విడిపోయినప్పుడు ఆంధ్రకు 11, తెలంగాణకు 7గా పంచారు. ‘అమెరికా సెనేట్, రాజ్యసభ పోల్చండి’ అన్న ప్రశ్న వస్తే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

రాజీకి ఎవరు మూల్యం చెల్లించారు?

జూన్ 11న షెర్మన్ నోటి నుంచి వచ్చిన మాట ‘స్వేచ్ఛా నివాసులు’. అదే రోజు జేమ్స్ విల్సన్ ఇంకో సూత్రం పెట్టాడు. స్వేచ్ఛా జనం మొత్తం, దానికి తోడు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు. సభ 9–2తో దానికి సరేనంది. కనెక్టికట్ కూడా సరేనంది. ఓటు లేని, కూలి లేని, సొంత బిడ్డ మీద హక్కు లేని మనిషిని యజమాని సీట్లు పెంచడానికి మాత్రం అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కించారు. వర్జీనియాలో 1790 నాటికి బానిసలే 2 లక్షల 90 వేలకు పైగా ఉన్నారు. సీట్లు ఎవరికి పెరిగాయో చూసుకోండి.

ఆగస్టు 22న బానిసల దిగుమతి మీద చర్చ వచ్చింది. షెర్మన్ లేచాడు. ఈ వ్యాపారం తనకు ఇష్టం లేదన్నాడు. అయినా ఆ హక్కు ఇప్పటికే రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి, కొత్త రాజ్యాంగానికి అభ్యంతరాలు తగ్గించుకోవాలి కాబట్టి అలాగే వదిలేయడం మేలన్నాడు. బానిసత్వం క్రమంగా తగ్గిపోతోంది, రాష్ట్రాలు తమ మంచి బుద్ధితో మెల్లగా దాన్ని ముగిస్తాయన్నాడు. చివరకు 1808 దాకా దిగుమతిని ఆపరాదని రాసుకున్నారు. ఆయన అంచనా ఏమైంది? 1790లో ఆ దేశంలో బానిసలు సుమారు 7 లక్షలు. 1860లో సుమారు 39 లక్షల 50 వేలు.

నిజం చెప్పాలంటే ఆయనలో రెండో పార్శ్వం కూడా ఉంది. దిగుమతి అయ్యే బానిసల మీద తలకింత సుంకం వేద్దామన్నప్పుడు, అలా వేస్తే మనుషులు ఆస్తి అని రాజ్యాంగంలో ఒప్పుకున్నట్టే అని అడ్డు చెప్పాడు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న మాట వచ్చినప్పుడు, గుర్రాన్ని పట్టి ఇవ్వడానికి లేని బాధ్యత దీనికి మాత్రం ప్రభుత్వానికి ఎందుకని అడిగాడు. అంతకుముందు 1783లో రిచర్డ్ లా అనే న్యాయవేత్తతో కలిసి కనెక్టికట్ చట్టాలన్నిటినీ తిరగరాసే పని ఆయనకు అప్పగించారు. ఆ సంపుటిలో భాగంగా 1784లో వచ్చిన చట్టం ప్రకారం, ఆ ఏడాది మార్చి 1 తర్వాత బానిసలకు పుట్టే బిడ్డలు 25 ఏళ్ళు నిండాక స్వేచ్ఛ పొందుతారు. అంతకుముందే పుట్టినవాళ్ళ మాట? వాళ్ళకు ఆ చట్టం ఏమీ ఇవ్వలేదు. ఆ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా పోయింది 1848లో.

మేము ఈ భాగాన్ని చాలాసార్లు చదివాం. షెర్మన్ దుర్మార్గుడు కాదు. ఆయనకు తెలుసు, తెలిసే వదిలేశాడు. రెండు పక్షాలు కూర్చుని సర్దుకుంటున్నప్పుడు గదిలో లేనివాడి వాటానే ముందు కోస్తారు. ఆ గదిలో బానిసల తరఫున ఒక్కడూ లేడు. ఇక్కడ మనకు 17వ అధికరణం, అంటరానితనం రద్దు, రాజ్యాంగం మొదటి రోజు నుంచే ఉందంటే దానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర లేదు. ముసాయిదా సంఘం అధ్యక్షుడి కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు.

మాకు మింగుడు పడని ఇంకో సంగతి కూడా చెప్పాలి. దిగువ సభను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా అన్న చర్చలో షెర్మన్ వద్దన్నాడు. ప్రజలకు ప్రభుత్వంతో నేరుగా ఎంత తక్కువ పని ఉంటే అంత మంచిదని, వాళ్ళకు సమాచారం తెలియదని, మోసపోతారని ఆయన అభిప్రాయం. కొన్ని నెలల ముందే మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు తిరగబడ్డారు, ఆ భయం సభలో అందరికీ ఉంది. అయినా చెప్పుల బల్ల మీద నుంచి లేచి వచ్చిన మనిషి ఆ మాట అనడం మాకు నచ్చలేదు. మెట్లు ఎక్కినవాడు నిచ్చెన లాగేయడం మన ఊళ్ళలోనూ చూస్తూనే ఉన్నాం.

సవరణలు ఎక్కడ రాయాలి?

1789లో షెర్మన్ మొదటి కాంగ్రెసులో ప్రతినిధుల సభ సభ్యుడయ్యాడు. జూన్‌లో మాడిసన్ హక్కుల సవరణలు తెచ్చాడు. షెర్మన్‌కు అసలు హక్కుల పట్టిక అవసరమే లేదని అభిప్రాయం. రాష్ట్రాల హక్కుల ప్రకటనలు రద్దు కాలేదు కదా అనేవాడు. ఈ విషయంలో ఆయన ఓడిపోయాడు, అదే మంచిదయింది. కానీ ఆ చర్చలోనే చిన్నదిగా కనిపించే ఒక విషయంలో నెగ్గాడు. మాడిసన్ సవరణలను ఎక్కడికక్కడ రాజ్యాంగం మధ్యలో ఇమిడ్చేద్దామన్నాడు. షెర్మన్ ఒప్పుకోలేదు. ప్రజలు ఆమోదించిన అసలు పత్రాన్ని ముట్టుకోరాదు, కొత్తవి చివర విడిగా చేర్చాలి అన్నాడు. ఆగస్టు 13న సభ ఆయన మాట తోసిపుచ్చింది. ఆరు రోజుల తర్వాత, 19న మళ్ళీ అడిగితే మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంది. దస్తావేజు దిద్దుబాటు ఎలా చేయాలో సర్వేయరుకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

మన పద్ధతి దీనికి పూర్తిగా వేరు. 2002లో 86వ సవరణతో వచ్చిన విద్యా హక్కు 21–ఎ అధికరణంగా లోపలే ఇమిడిపోయింది. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లో నుంచి తీసేస్తే 31వ అధికరణం ఉన్న చోట ఖాళీ మిగిలింది. మన పుస్తకం ఎప్పుడూ తాజాగా ఉంటుంది, పాత మాట కనపడదు. అమెరికా పుస్తకంలో పాత మాట అలాగే ఉంటుంది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణ, పౌరసత్వం ఇచ్చిన 1868 నాటి 14వ సవరణ తోకలో ఉన్నాయి. ‘అయిదింట మూడు వంతులు’ మొదటి అధికరణంలోనే ఇప్పటికీ అచ్చవుతోంది. చెల్లదు, కానీ చెరిగిపోలేదు. షెర్మన్ ఈ ఉద్దేశంతో అడగలేదు, కానీ తమ పెద్దలు ఏం రాశారో ఆ దేశపు పిల్లలు దాచుకోవడానికి వీల్లేకుండా ఆయన పద్ధతే చేసింది.

1791లో ఆయన సెనేటర్ అయ్యాడు. ఏ సభ రూపం కోసం పోరాడాడో ఆ సభలోనే కూర్చుని, 1793 జూలై 23న న్యూ హేవెన్‌లో 72వ ఏట జ్వరంతో కన్నుమూశాడు. సమాధి అక్కడి గ్రోవ్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. వాషింగ్టన్‌లో చట్టసభ భవనంలోని విగ్రహాల హాలులో కనెక్టికట్ తరఫున 1872లో ఆయన విగ్రహం పెట్టారు.

ఆయన కూతురు రెబెక్కా కొడుకు పేరు రోజర్ షెర్మన్ బాల్డ్విన్. తాత పేరు పెట్టుకున్న మనవడు, తాత ఊళ్ళోనే న్యాయవాది అయ్యాడు. 1839లో ఆమిస్టాడ్ అనే ఓడలో బానిసలుగా తరలిస్తున్న ఆఫ్రికన్లు తిరగబడి ఓడను స్వాధీనం చేసుకున్నారు. ఓడ అమెరికా తీరానికి చేరింది, వాళ్ళను పట్టుకుని న్యూ హేవెన్ జైల్లో పెట్టారు. వాళ్ళు ఎవరి ఆస్తీ కాదు, ఎత్తుకొచ్చిన స్వేచ్ఛా మనుషులు అని కింది కోర్టు నుంచి వాదించినవాడు ఈ బాల్డ్విన్. సుప్రీం కోర్టులో మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆయనతో కలిశాడు. ఈ ఆడమ్స్ ఎవరంటే, షెర్మన్ చేతుల కదలికను డైరీలో వెక్కిరించిన జాన్ ఆడమ్స్ కొడుకే. 1841 మార్చిలో తీర్పు వాళ్ళకు అనుకూలంగా వచ్చింది. ఆ నవంబరులో బతికి మిగిలిన 35 మంది న్యూయార్క్‌లో ఓడ ఎక్కి, 1842 జనవరిలో ఆఫ్రికా నేల మీద దిగారు.